బండి బాగోగులు: ఇంట్లో వేసిన కారు రంగు చెడితే

ఈసారి వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. షెడ్డులో ఒక్క డోరుకు చెప్పిన ధర విని వెనక్కి వచ్చినవారు స్ప్రే డబ్బానో, చిన్న కంప్రెసరునో కొనుక్కుని సొంతంగా రంగు వేసుకున్నారు, ఇప్పుడు వచ్చిన లోపాలను సరిచేసుకునే దారి అడుగుతున్నారు. లోపాన్ని బట్టి పద్ధతి మారుతుంది కానీ, వాటర్ పేపరు (నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం) చేతిలోకి తీసుకునే ముందు అందరూ తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. ఆ లోపం పై పూత ఉపరితలంలో ఉందా, రంగు పొర లోపల ఉందా, లేక రంగుకు అడుగున ఉన్న ప్రైమరులోనో పాత పెయింటులోనో ఉందా అన్నది చూడాలి. ఉపరితలంలో ఉంటే రుద్ది పాలిష్ పెడితే పోతుంది, పొరలో ఉంటే మళ్లీ కోటు వేయాలి, అడుగున ఉంటే గట్టి పొర వచ్చేదాకా గీకి తీయక తప్పదు. కంపెనీ నుంచి వచ్చిన కారు రేకు మీద ప్రైమర్లు, రంగు, క్లియర్ కోటు (రంగు మీద వేసే పారదర్శకపు పూత) అన్నీ కలిపినా మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లే, అందులో పైనున్న క్లియర్ వాటా ఇంచుమించు 40 నుంచి 50 మైక్రాన్లు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లని గుర్తుంచుకుంటే, రుద్దడానికి మనకున్న చోటు ఎంత తక్కువో తెలుస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారి పాత మారుతి 800 ఎడమ డోరుకు తుప్పు గీకి, పుట్టీ పెట్టి, ప్రైమరు మీద స్ప్రే డబ్బాతో తెల్లరంగు వేశాను. హ్యాండిల్ కింద రంగు ధారలుగా కారి గడ్డకట్టింది. మిగతా డోరంతా నారింజ తొక్కలా గరుకుగా ఉంది. మొత్తం తీసేసి మళ్లీ మొదలుపెట్టాలా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: అక్కరలేదు. మీరు చెప్పిన రెండూ ఉపరితలానికి చెందిన లోపాలే. పైగా మీది మెటాలిక్ కాని సాదా తెలుపు, మీద క్లియర్ వేసినట్టు రాయలేదు కాబట్టి రంగునే నేరుగా రుద్ది పాలిష్ పెట్టుకునే వీలుంది.

ఈ రెండు లోపాలకూ కారణాలు ఒకదానికొకటి ఎదురు. ఒకేచోట రంగు ఎక్కువ పడితే కారుతుంది. హ్యాండిల్, అద్దం, డోరు మడత వంటి చోట్ల చేయి తనకు తెలియకుండానే క్షణం ఆగుతుంది కనుక ధారలు తరచుగా అక్కడే కడతాయి. రంగు తుంపరలు రేకు మీద పడి ఒకదానిలో ఒకటి కలిసిపోయేలోపే ఆరిపోతే గరుకు వస్తుంది. డబ్బాను మరీ దూరంగా పట్టినా, మధ్యాహ్నపు ఎండలో కాలిన రేకు మీద కొట్టినా జరిగేది ఇదే. ఒకే డోరు మీద రెండూ కనిపిస్తున్నాయంటే దూరమూ వేగమూ నిలకడగా లేవన్నమాట. డబ్బా మీద వేరే సూచన లేకపోతే 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం పాటించాలి. స్ప్రే ధారను డోరు అంచు బయటే మొదలుపెట్టి, అవతలి అంచు దాటాక ఆపాలి. ప్రతి వరుసా ముందటి వరుసలో సగాన్ని కప్పాలి.

ఇక మరమ్మతుకు వద్దాం. ముందు ఆగండి. ధార పైన చెయ్యి పెడితే ఆరినట్టే ఉంటుంది, లోపల మాత్రం మందంగా పేరుకున్న రంగు ఇంకా మెత్తగా ఉంటుంది. ఈ స్థితిలో రుద్దితే పైతోలు చిరిగి, లోపలి మెత్తని రంగు పేపరుకు అంటుకుని గుంట పడుతుంది. సాధారణ స్ప్రే డబ్బా రంగయితే కనీసం వారం రోజులు, వానాకాలమైతే ఇంకా ఎక్కువ రోజులు ఆరనివ్వాలి. గోరుతో నొక్కినప్పుడు గుర్తు పడకపోతే పని మొదలుపెట్టవచ్చు.

మొదట ధారల సంగతి చూడాలి. వాటి చుట్టూ మంచిగా ఉన్న రంగును మాస్కింగ్ టేపుతో కప్పి, చదునైన చిన్న చెక్కముక్కకు 800 లేదా 1000 నంబరు వాటర్ పేపరు చుట్టి, ఎత్తుగా ఉన్న భాగాన్ని మాత్రమే నీళ్లతో రుద్దాలి. వేళ్లతో పట్టి రుద్దకూడదు, ఎందుకంటే వేలి మెత్తదనం ధారకు రెండు పక్కలా దిగి అక్కడి పలుచని రంగును ముందుగా తినేస్తుంది. పాత పెయింటర్లు చేసే ఉపాయం ఒకటి చాలా చక్కనిది: ధార మీద, దాని చుట్టూ ఎన్‌సీ (థిన్నర్‌తో కరిగి త్వరగా ఆరే నైట్రోసెల్యులోజ్ రకం) పుట్టీ పలుచగా పూసి, ఆరాక చెక్కతో రుద్దుతారు. పుట్టీ పక్కలను కాపాడుతూ ఉంటుంది, ధార అణిగేకొద్దీ పుట్టీ కూడా అరుగుతుంది, చివరికి రెండూ ఒకేసారి మాయమవుతాయి. ధార రంగుతో సమానమైందని అనిపించడానికి కాస్త ముందే 1000 దగ్గర ఆపి 1500కు మారాలి.

తరువాత డోరంతా 1500తోనూ, ఆపైన 2000తోనూ రుద్దాలి. బకెట్టు నీళ్లలో కొన్ని చుక్కల షాంపూ వేసుకుంటే పేపరు పట్టేయకుండా జారుతుంది. తడిగా ఉన్నప్పుడు డోరు ఎప్పుడూ నున్నగానే కనిపించి మోసం చేస్తుంది. అందుకే కొద్దిసేపటికొకసారి రబ్బరు పట్టీతో నీళ్లు లాగేసి, పక్కనుంచి వెలుతురు పడేలా వంగి చూడాలి. రుద్దిన చోటంతా మసకగా ఉండి, మధ్యలో సూదిమొనలంత మెరిసే చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలు గరుకులోని పల్లాలు, పేపరు ఇంకా అందని చోట్లు. అవి పోయి మసక అంతటా ఒకేలా వచ్చాక ఆపాలి. మొండిగా అక్కడక్కడా మిగిలితే వదిలేయడమే మేలు, ఎందుకంటే చివరి చుక్క కోసం పట్టుబట్టినవారే ప్రైమరు దాకా వెళుతుంటారు. నీళ్లలో తెల్లని రంగు దిగుతున్నంతసేపూ భయం లేదు. బూడిదరంగు ఛాయ కనిపించిందంటే ప్రైమరు తగిలినట్టే, ఇక ఆ చోట పాలిష్ పనిచేయదు, మళ్లీ కోటు వేయవలసిందే. అంచుల మీద, మడతల మీద రంగు ఎప్పుడూ పలుచగా ఉంటుంది కనుక అక్కడ టేపు అంటించి, దాన్ని తీయకుండానే పని ముగించండి. ఆఖరున రబ్బింగ్ కాంపౌండ్ (పేపరు గీతలు తీసే లేపనం), దాని తరువాత పాలిష్ పెడితే మెరుపు తిరిగి వస్తుంది. తాజా రంగు మీద మైనం పాలిష్ మాత్రం ఒకటి రెండు నెలలు వద్దు, లోపలి థిన్నర్ ఇంకా బయటికి పోతూ ఉంటుంది.

ప్రశ్న: చిన్న కంప్రెసరు, స్ప్రే గన్ను కొని, కారు బానెట్టుకు ఎన్‌సీ నలుపు వేశాను. వాన వెలిసిన సాయంత్రం వేశాను. పావుగంటలోనే నలుపు మీద తెల్లని మబ్బు కమ్మింది. అదే రంగు ఇంకో కోటు వేస్తే ఇంకా తెల్లబడింది. రంగు కల్తీదా?
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: రంగును అనుమానించే ముందు ఆ సాయంత్రపు గాలిని అనుమానించండి. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు రేకులోని వేడిని లాక్కుంటుంది, అందువల్ల తడి రంగు చుట్టుపక్కల గాలికంటే చల్లబడుతుంది. గాలిలో తేమ నిండుగా ఉన్న వేళ ఈ చల్లదనానికి నీటి ఆవిరి సన్నని చుక్కలుగా మారి రంగులోనే చిక్కుకుంటుంది. తెలుపు మీద ఇది కంటికి ఆనకపోవచ్చు గానీ నలుపు మీద దాగదు. చవకరకం థిన్నర్ చాలా వేగంగా ఆవిరవుతుంది కనుక చల్లదనం ఎక్కువ, మబ్బూ ఎక్కువ. మీరు రెండో కోటు వేసినప్పుడు అదే గాలిలో అదే థిన్నర్‌తో వేశారు, అందుకే తగ్గవలసింది పెరిగింది.

ఈ జబ్బు ఎన్‌సీ రంగులతో పాటే పుట్టింది. 1920లకు ముందు కార్లకు నూనె రంగులు, వార్నిష్‌లు వేసి వారాల తరబడి ఆరబెట్టేవారు. 1920ల మొదట్లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ డ్యూకో పేరుతో నైట్రోసెల్యులోజ్ రంగును తెచ్చాక ఆ వారాలు రోజులకు కుదించుకుపోయాయి. థిన్నర్ అంత చురుకుగా ఎగిరిపోవడం వల్లనే ఆ వేగం సాధ్యమైంది, తేమ గాలిలో తెల్లబడే గుణం కూడా దానితోనే వచ్చింది.

దిద్దుబాటు మీరనుకున్నంత కష్టం కాదు. ఎన్‌సీ రంగు ఆరిన తరువాత కూడా థిన్నర్ తగిలితే మళ్లీ కరుగుతుంది, మనకు అదే ఆధారం. పొడిగా ఉన్న రోజున, ఉదయం మంచు ఆరిపోయి రేకు గోరువెచ్చగా అయ్యాక, పెయింటు షాపులో రిటార్డర్ అని అడిగి తెచ్చిన నెమ్మదిగా ఆరే థిన్నర్‌ను గన్నులో పోసి బానెట్టు మీద చాలా పలుచగా, పొగలా పడేటట్టు కొట్టండి. రంగు పై భాగం కొద్దిగా మెత్తబడి, ఇరుక్కున్న తేమ బయటికి పోయి, నలుపు మీ కళ్లముందే తేలుతుంది. ఒక్క దెబ్బకు పోవాలని తడిసేలా కొడితే కారిపోతుంది. మబ్బు తేలికగా ఉంటే రెండు రోజులు ఆరనిచ్చి, కాంపౌండుతో రుద్దినా చాలు, తేమ సాధారణంగా పైపైనే ఉంటుంది. రెండింటికీ లొంగకపోతే 1000 పేపరుతో రుద్ది, పొడి వాతావరణంలో మళ్లీ కోటు వేయాలి. హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపి వేసే టూకే రంగులకు మాత్రం ఈ రిటార్డర్ వైద్యం పనికిరాదు, అవి గట్టిపడ్డాక కరగవు.

కంప్రెసరు ట్యాంకు అడుగున ఉన్న మరను విప్పి నీళ్లు వదిలి ఎన్నాళ్లయిందో చూడండి. సముద్రతీరపు ఊళ్లలో ఆ ట్యాంకులో రోజూ నీరు చేరుతుంది. గన్ను ముందు నీరు పట్టే ఫిల్టరు లేకపోతే ఆ నీళ్లు చుక్కలు చుక్కలుగా రంగులో పడతాయి. గాలిలో తేమ 80 శాతం దాటిన వేళ ఎన్‌సీ గన్ను పట్టుకోకపోవడం మంచిది. తుపాను రోజుల్లో కాకినాడలో ఇంకో వారం ఆగడమే పని.

ప్రశ్న: వెండి రంగు మెటాలిక్ కారుకు వెనక ఫెండరు మీద రంగు వేశాను. దుమ్ము పడిందని 2000 పేపరుతో కాస్త రుద్ది, మీద క్లియర్ కొట్టాను. రుద్దినచోట నల్లని మచ్చలు, మిగతాచోట అడ్డచారలు కనిపిస్తున్నాయి. పాలిష్ చేసినా పోవడం లేదు.
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: పోవు. ఈ లోపం క్లియర్‌కు అడుగున, రంగు పొరలో ఉంది. పాలిష్ క్లియర్‌ను దాటి కిందికి వెళ్లదు, వెళ్లిన రోజున క్లియర్ మిగలదు.

మెటాలిక్ రంగులో అల్యూమినియం పొలుసులు ఉంటాయి. అవి పడుకున్న తీరును బట్టి వెలుతురు తిరిగి వస్తుంది. కోటు మరీ తడిగా పడితే పొలుసులు లోపలికి మునిగి ఎటుపడితే అటు తిరుగుతాయి, ఆ భాగం ముదురుగా కనిపిస్తుంది. పొడిగా పడినచోట పైనే పరచుకుని తెల్లగా మెరుస్తాయి. వరుస వరుసకూ తడిలో తేడా వచ్చినందువల్ల మీకు అడ్డచారలు పడ్డాయి. పేపరు తగిలినచోట పొలుసుల తలలు తెగి, ఉన్న దిశ చెదిరి, నల్లని మచ్చలు తేలాయి. మెటాలిక్ బేసును, అంటే క్లియర్ కింద ఉండే రంగు కోటును, రుద్ది, దాని మీద నేరుగా క్లియర్ వేయకూడదు. దుమ్ము తీయడానికి రుద్దితే ఆ తరువాత బేసు కోటు మళ్లీ పడవలసిందే.

ఇప్పుడు చేయవలసిన పని: క్లియర్ పూర్తిగా గట్టిపడేదాకా ఆగి, 800 పేపరుతో ఫెండరంతా సమంగా మసకబారేలా రుద్దండి. క్లియర్‌ను మొత్తం తీసేయనక్కరలేదు, పై కోటు పట్టుకోవడానికి గరుకు వస్తే చాలు. శుభ్రం చేసి, బేసును రెండు మధ్యరకం కోట్లుగా, మధ్యలో పది పదిహేను నిమిషాలు విడిచి వేయండి. కోటు మెరుపు తగ్గి మసకగా మారితే తరువాతి కోటుకు సిద్ధమైనట్టు. ఆ పైన చారలను కలిపేసే కోటు ఒకటి ఉంటుంది: మామూలుకంటే పది సెంటీమీటర్లు వెనక్కి జరిగి, చేయి ఆపకుండా, ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా పలుచగా చల్లినట్టు కొట్టాలి. పొలుసులు అంతటా ఒకేలా పడుకునేది ఈ కోటులోనే, కొత్తవాళ్లు తొందరలో వదిలేసేదీ దీన్నే. దీని మీద పేపరు పెట్టకండి. దుమ్ము రేణువు పడితే అంటుకునే జిగురు గుడ్డతో తేలికగా తుడిచి, డబ్బా మీద రాసిన సమయంలోపే క్లియర్ వేయండి.

డబ్బాను కొట్టే ముందు లోపలి గోలీ చప్పుడు మొదలైన దగ్గరనుంచి కనీసం రెండు నిమిషాలు ఊపాలి, మెటాలిక్‌కు ఇంకాస్త ఎక్కువ. పొలుసులు బరువైనవి, అడుగున పేరుకుంటాయి. డోరునో ఫ్యూయల్ మూతనో విప్పి నేలమీద పడుకోబెట్టి వేసినా షేడు మారుతుంది కనుక, కారు మీద అది ఎలా నిలబడి ఉంటుందో అలాగే నిలబెట్టి వేయండి.

ప్రశ్న: రంగు వేస్తుండగానే గుండ్రటి చిన్న గుంటలు పడి, మధ్యలో అడుగు రంగు కనిపించింది. వాటి మీద ఎంత రంగు కొట్టినా పక్కకు జరిగిపోతోంది. పుట్టీలో లోపమా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పుట్టీది కాదు, జిడ్డుది ఈ పని. ముఖ్యంగా సిలికాన్. డ్యాష్‌బోర్డు పాలిష్, టైరు మెరుపు స్ప్రే, తుప్పు వదిలించే నూనె స్ప్రే వంటివి ఎప్పుడో వాడినా, వాటి తుంపర రేకు మీద కంటికి కనపడకుండా ఉండిపోతుంది. కొబ్బరినూనె రాసుకున్న తలను సవరించుకున్న చేత్తో ముట్టుకున్నా చాలు. ఆ చుక్క మీద రంగు నిలవక చుట్టూ తప్పుకుంటుంది. ఇంకాస్త రంగు పోసి గుంటను నింపాలని చూస్తే గుంట చుట్టూ కట్ట పెరుగుతుందే తప్ప నిండదు.

రంగు పూర్తిగా గట్టిపడ్డాక ముందు కడిగి, జిడ్డు తీసే ద్రావకంతో తుడవండి, రుద్దడం ఆ తరువాతే. క్రమం తిరగబడితే పేపరు గీతల్లోకి సిలికాన్ దిగి మరీ మొండిదవుతుంది. తుడిచేటప్పుడు రెండు గుడ్డలు కావాలి, తడి గుడ్డతో జిడ్డును కరిగించి, అది ఆరేలోపే పొడి గుడ్డతో ఎత్తేయాలి. ఒకే గుడ్డతో తిప్పితే జిడ్డు ఒకచోటనుంచి ఇంకోచోటుకు మారుతుందంతే. పెట్రోలు, కిరోసిన్ వద్దు, అవి తమ జిడ్డును తామే మిగుల్చుతాయి, పైగా నిప్పు భయం. తరువాత గుంటలు సమమయ్యేదాకా 600, ఆపైన 800తో రుద్ది, మళ్లీ తుడిచి, మొదటి కోటును పొగలా పలుచగా చల్లి ఆరనిచ్చి, ఆపైన నిండు కోటు వేయండి. గుంటలు పడకుండా రంగులో కలిపే ద్రవాన్ని కొందరు దుకాణదారులు ఇస్తారు. అది ఎక్కువగా సిలికానే. ఒకసారి కలిపితే ఆ తరువాత ప్రతి కోటుకూ కలపవలసి వస్తుంది, గన్ను కూడా దానితో పాడవుతుంది. తప్పనిసరి అయితే తప్ప దాని జోలికి పోకపోవడమే నా సలహా.

ప్రశ్న: ముందు బంపరుకు వేసిన రంగు నెల తిరగకుండానే రేకులు రేకులుగా లేస్తోంది. నీళ్ల పైపు పెడితే ఇంకా ఊడుతోంది. అదే రంగు ఫెండరు మీద బాగానే ఉంది.
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఫెండరు ఇనుము, బంపరు ప్లాస్టిక్. ఎక్కువ బంపర్లు పాలీప్రొపిలీన్‌తో చేసినవి, దానికి రంగు తనంతట తాను పట్టదు. ప్లాస్టిక్ కనిపించేదాకా రుద్దిన చోట ప్లాస్టిక్ ప్రైమరు అనే పలుచని ప్రత్యేకపు పూత వేయకుండా మామూలు ప్రైమరు వేస్తే, మీరు చూస్తున్నదే జరుగుతుంది. ఊడినచోట మాత్రమే పూసి సరిపెట్టుకోకండి. ఇవాళ గట్టిగా కనిపించే చోటు వచ్చే నెలకు లేస్తుంది. లేచిన అంచుల మీద గట్టి టేపు అంటించి ఒక్క ఊపున లాగుతూ, వచ్చినంత రంగు రానివ్వండి. మిగిలినచోట బ్లేడుతో సన్నని గళ్లు గీసి, టేపు అంటించి లాగి చూడండి. గళ్లు టేపుతోపాటు వస్తే అక్కడ కూడా తీసేయవలసిందే. బంపరును విప్పి సబ్బునీళ్లతో లోపలా బయటా కడిగి, 320తోనూ తరువాత 500తోనూ రుద్ది, ప్లాస్టిక్ ప్రైమరు ఒక్క పలుచని కోటు వేసి, డబ్బా మీద చెప్పిన వ్యవధిలో రంగు మొదలుపెట్టండి. ఈ ప్రైమరును మందంగా వేస్తే పట్టు పెరగదు, తగ్గుతుంది. బంపరు వంగుతుంది కనుక పుట్టీ కూడా ప్లాస్టిక్‌కు సరిపడేదే వాడాలి.

ప్రశ్న: గేటుకు వేయగా మిగిలిన ఎనామెల్‌ను పాత జీపు బానెట్టుకు బ్రష్షుతో వేశాను. మెరుపు కోసం నాలుగు రోజుల తరువాత మీద ఎన్‌సీ క్లియర్ కొడితే, నిమిషాల్లో తోలు ముడతలు పడ్డట్టు లేచిపోయింది.
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: సింథటిక్ ఎనామెల్ గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుని పైనుంచి లోపలికి నెమ్మదిగా గట్టిపడుతుంది. నాలుగో రోజున పైన తోలు కట్టి ఉంటుంది, లోపల పచ్చిగా ఉంటుంది. ఎన్‌సీ థిన్నర్ ఘాటు ఆ తోలులోంచి దిగి, అడుగును ఉబ్బించి, ముడతలుగా లేపింది. ముడతలను అణచి పైన రంగు వేసే ఉపాయమేదీ లేదు. రెండు మూడు వారాలు గట్టిపడనిచ్చి, 180తో మొదలుపెట్టి గట్టి పాత పొర వచ్చేదాకా తీసి, 320తో సమం చేసి, టూకే ప్రైమరుతో మూసేయాలి. ఆ ప్రైమరు గట్టిపడ్డాక మీద ఏ రంగైనా నిలుస్తుంది. అడుగున ఏ రంగుందో తెలియని పాత బండికి పని మొదలుపెట్టే ముందు, కనపడని మూలన థిన్నర్ తడిపిన దూదిని కాసేపు ఉంచి చూడండి. కరిగితే ఎన్‌సీ, ముడత పడితే ఎనామెల్, ఏమీ కాకపోతే కంపెనీ పూతో టూకేనో అయి ఉంటుంది.

స్ప్రే డబ్బాల మీద తరువాతి కోటు ఇంత సమయంలోపు వేయాలి, లేదా ఇన్ని గంటలు దాటాక వేయాలి అని ఉంటుంది. ఆ రెంటికీ నడుమ వేసినా ఇదే ముడత వస్తుంది.

ప్రశ్న: మెషీన్‌తో కాంపౌండ్ చేస్తుంటే బానెట్టు అంచున క్లియర్ పోయి రంగు తేలింది. టచప్ పెన్నుతో సరిపోతుందా?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: కనపడటం తగ్గుతుంది, సరికాదు. క్లియర్‌ను మధ్యలో ఆపితే ఆ అంచు కొన్నాళ్లకు తెల్లబడి లేస్తుంది కనుక బానెట్టంతా మసకగా రుద్ది, కొసదాకా మళ్లీ క్లియర్ వేయాలి.

ప్రశ్న: హార్డెనర్ కలిపే క్లియర్‌ను ఇంటి కారు షెడ్డులో కొట్టాలనుకుంటున్నాను. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటే చాలదా? మా మేస్త్రీ ఎప్పుడూ అదే కట్టుకునేవాడు.
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: చాలదు. టూకే హార్డెనర్లలో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. రంగుల షెడ్లలో పనిచేసేవారికి ఉబ్బసం తెచ్చే ముఖ్యమైన కారణాలలో ఇవి ఒకటి. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తరువాత ఏ కొద్దిపాటి తగిలినా ఊపిరి అందకపోయే ప్రమాదం ఉంది. వాటిని వాసనతో పసిగట్టలేము, వాసన రాలేదంటే గాలి శుభ్రంగా ఉన్నట్టు కాదు. తడిగుడ్డ, సర్జికల్ మాస్కు, ఎన్-95 ఏవీ ఆవిరిని ఆపవు. మంచి షెడ్లలో బయటినుంచి గొట్టంతో శుభ్రమైన గాలి వచ్చే మాస్కు పెట్టుకుని ఈ పని చేస్తారు. మీ మేస్త్రీ ఊపిరితిత్తుల సంగతి ఆయన్నే అడగాలి. నా మాట వింటే, రుద్దడం, పుట్టీ, ప్రైమరు, బేసు దాకా మీరు చేసుకుని, క్లియర్ ఒక్కటీ గాలి వసతి ఉన్న షెడ్డులో కొట్టించుకోండి. ఖర్చు మొత్తం పనితో పోలిస్తే తక్కువే అవుతుంది. సాధారణ స్ప్రే డబ్బాలకు కూడా ద్రావకపు ఆవిరిని పట్టే కార్ట్రిడ్జి మాస్కు, కళ్లద్దాలు, తలుపులు తెరిచి ఉన్న చోటు కావాలి. పక్క గదిలో గ్యాసు పొయ్యి, దేవుడి దీపం, నీళ్ల మోటారు స్విచ్చి ఏదీ ఆ సమయంలో వెలగకూడదు, వేయకూడదు. డబ్బా చల్లబడి ధార సరిగా రాకపోతే గోరువెచ్చని నీళ్లలో కొద్దిసేపు ఉంచవచ్చు, 50 డిగ్రీలకు మించిన వేడి తగలకూడదని దాని మీదే రాసి ఉంటుంది.

ప్రశ్న: కంపెనీ కోడ్ చూసే రంగు కలిపించాను. అయినా డోరు ఒక షేడు, ఫెండరు ఒక షేడుగా ఉన్నాయి. మళ్లీ కలిపించాలా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కోడ్ చెప్పేది కారు కొత్తగా ఉన్నప్పటి రంగు. ఏళ్ల తరబడి బెజవాడ ఎండలో నిలబడిన ఫెండరు ఆ రంగులో ఉండదు. ముందు పాత భాగాన్ని కాంపౌండుతో రుద్ది చూడండి, మాసిన పై పొర పోయాక తేడా సగం తగ్గడం మామూలే. అప్పటికీ కనిపిస్తే ఫ్యూయల్ మూతను విప్పి షాపుకు తీసుకెళ్లి, దానికి సరిపోయేలా కలపమనండి. కలిపిన రంగును ఒక రేకుముక్క మీద కొట్టి, ఆరాక, క్లియర్ కూడా వేసి, పగటి వెలుతురులో కారు పక్కన పెట్టి చూశాకే డోరు మీద వేయండి. తడి రంగును చూసి తేల్చకూడదు. మెటాలిక్ అయితే ఎంత బాగా కలిపినా డోరు అంచు దగ్గర గీత తెలుస్తుంది, అందుకే బేసును పక్క ఫెండరులోకి కొద్దికొద్దిగా పలుచబరుస్తూ దించి, క్లియర్‌ను మాత్రం ఫెండరు మొత్తానికీ వేస్తారు. విసిగిపోయి కారంతా వేరే రంగు వేయించాలనుకుంటే, ఆర్సీలో కారు రంగు నమోదై ఉంటుంది కాబట్టి ముందుగా ఆర్టీవో కార్యాలయంలో అడగండి.

ప్రశ్న: నేను డోరుకు రంగు వేస్తుంటే గాలికి తుంపర ఎగిరి పక్కింటివారి స్కూటరు మీద, మా కారు అద్దాల మీద, హెడ్‌లైట్ల మీద పడింది. థిన్నర్‌తో తుడవవచ్చా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: స్కూటరు మీద థిన్నర్ వద్దు. వారి స్కూటరు రంగు ఏదో మీకు తెలియదు, ఎన్‌సీతో టచప్ చేయించినదైతే అదీ కరుగుతుంది. కారు పాలిష్ దుకాణాల్లో దొరికే క్లే బారును (మెత్తని బంకమట్టి లాంటి ముద్ద) సబ్బునీళ్లు చల్లుతూ తేలికగా అటూ ఇటూ జరిపితే గరుకు రేణువులు దానికి అంటుకుని వచ్చేస్తాయి. చేత్తో తడిమితే నున్నగా తగిలేదాకా చేసి, పాలిష్ పెట్టి ఇవ్వండి. అద్దాలను తడిపి కొత్త బ్లేడును ఏటవాలుగా పట్టి గీకితే రంగు పొట్టుగా లేస్తుంది, సన్ ఫిల్మ్ ఉన్న వైపు మాత్రం బ్లేడు పెట్టకండి. ఇప్పటి కార్ల హెడ్‌లైట్లు ఎక్కువగా గాజు కాదు, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. థిన్నర్ తగిలితే వాటిలో సన్నని పగుళ్లు పుట్టి శాశ్వతంగా మసకబారతాయి, అందుకే వాటికి కూడా క్లే బారే, అదీ పోనిచోట 3000 పేపరు, పాలిష్.